వానకాలం సెట్టింగు

కొత్త బస్సుల డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న పసుపు దీపం ఉంటుంది. దాని మీద బండి బొమ్మ, బండి వెనక రెండు వంకర గీతలు. తడి రోడ్డు మీద బండి జారబోతే ఆ దీపం టపటప వెలుగుతుంది. ఈ మధ్య పెన్షన్ పని మీద డిపోకు పోయినప్పుడు, కొత్తగా చేరిన మెకానిక్కులు నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించారు. "మీ కాలంల గివేం లేవు గద సార్, జారితే ఏం చేసెటోళ్లు?" అని అడిగారు. ఏదో చెప్పి నవ్వించి వచ్చాను. ఇంటికి వస్తుంటే నా జవాబు నాకే నచ్చలేదు. ఆ రెండు వంకర గీతలను నేను హాలియా దగ్గర తారు రోడ్డు మీద, బురదలో చూశాను. అవి నా స్పానర్ గీసిన గీతలు.

నా ఉద్యోగమంతా బస్సు గ్యారేజీల్లో, బ్రేకుల దగ్గరే గడిచింది. ఎనభైలలో నల్లగొండలో, తర్వాత పాలమూరు వైపు. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు సంతకం పెట్టారు అన్నది మీకు అక్కరలేదు. బండి రోడ్డును ఎట్లా పట్టుకుంటుందో, ఆ పట్టును మేం ఎట్లా పోగొట్టామో, అందులో నా తప్పును యేసోబు అనే డ్రైవర్ నెత్తిన ఎట్లా పెట్టానో, అదే చెప్తాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చే సంగతి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.

ఒక్క బిందె నీళ్లు

ఇంత పెద్ద బస్సులో ఒక్కో టైరు రోడ్డును తాకేది రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత మేర. అంతే. బండి ఆగడం, మలుపు తిరగడం, ముందుకు కదలడం అన్నీ ఆ కాస్త జాగాలోనే జరగాలి.

ఆ పట్టును ఒక బిందె నీళ్లనుకోండి. ఎండిన తారు మీద బిందె నిండుగా ఉంటుంది. బ్రేకుకు కొన్ని, మలుపుకు కొన్ని వాడుకోవచ్చు. రోడ్డు తడిస్తే బిందె సగమవుతుంది. మలుపులో ఉండి బ్రేకు కూడా తొక్కితే రెంటికీ చాలవు. చాలనప్పుడు టైరు జారుతుంది.

జోరువాన కంటే మొదటి తుంపర ప్రమాదం. జోరువాన రోడ్డును కడుగుతుంది. తుంపర మాత్రం దుమ్మును, నూనెను కలిపి సబ్బు చేస్తుంది. మా దిక్కు ఇంకో రెండు జారుళ్లు కూడా ఉండేవి. సాగర్ కాలువ కింద నాట్ల కాలంలో పొలం దున్నిన ట్రాక్టర్లు, బురదలో దిగబడకుండా తగిలించుకున్న ఇనుప కేజీవీల్స్‌తో అట్లనే తారు ఎక్కేవి. పెడ్డలు పెడ్డలుగా ఊడిన బురద మీద నాలుగు చినుకులు పడితే చాలు, అక్కడ మనిషే నిలబడలేడు. పాలమూరు పల్లెల్లో కంది, ఉలవ కోసి రోడ్డు మీద పరిచేవాళ్లు. బస్సు తొక్కితే కట్టెలతో కొట్టి గింజలు రాల్చే పని తప్పుతుంది. టైరు కింద ఉలవలు పూసల్లా దొర్లేవి. డ్రైవర్లు తిట్టేవాళ్లు. రైతులు, నీ బస్సుకు పుణ్యమొస్తది పోరాదా అని నవ్వేవాళ్లు.

ఇంకొక్క సంగతి తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. తిరిగే చక్రానికే దిక్కు ఉంటుంది. బ్రేకు బిగుసుకుని తిరగడం ఆగిన చక్రం ఎటైనా జారుతుంది. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు మాట వినదు, కానీ బండి నేరుగానే పోతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే తోక పక్కకు వస్తుంది. ముందుభాగాన్ని దాటి పోవాలని చూస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి డ్రైవరైనా ప్రయాణికుడే.

సత్తార్ సాబ్ నేర్పింది

నేను నల్లగొండ గ్యారేజీలో చేరినప్పుడు బ్రేకుల పనికి సత్తార్ సాబ్ పెద్ద. పానగల్ నుంచి సైకిల్ మీద వచ్చేవారు. రోజంతా బండ్ల కింద దూరినా ఆయన తెల్ల పైజామాకు మరక అంటేది కాదు. అది మాకు పెద్ద వింత. నాకు చేతిపని వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే.

ఆయన నేర్పిన వాటిలో డ్రమ్ పరీక్ష ఒకటి. బండి రూటు నుంచి రాగానే చక్రం సందులోంచి చేయి పెట్టి, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్‌ను తాకాలి. పనిచేసిన బ్రేకు వేడెక్కుతుంది.

"నాలుగు డ్రమ్ములకు వేడుంటె నాలుగు బ్రేకులు కష్టం చేసినయన్నట్టు. ఒకటి సల్లగుంటె గది పనిదొంగ, బేటా. ముందుగాల జర దూరంకెల్లి సూడు. చెయ్యి కాలినంక నా మీద ఏడిస్తె నేనేం జెయ్య."

ఇంకొకటి కూడా ఆయనే నేర్పారు. దాన్ని మేం వానకాలం సెట్టింగు అనేవాళ్లం.

వానలు పడితే డ్రమ్ముల్లోకి నీళ్లు పోయేవి. ముందు చక్రాల్లో ఒక పక్క బ్రేకు పట్టి, ఒక పక్క జారేది. బ్రేకు తొక్కగానే స్టీరింగు ఒక దిక్కుకు గుంజేది. అట్లా గుంజి ఒక బస్సు పొలంలోకి దిగింది కూడా. డ్రైవర్లు భయపడేవాళ్లు. దీనికి అసలు మందు రెండు పక్కల డ్రమ్ములనూ ఒక్క తీరుగా చెక్కించడం, డ్రమ్ములకు లోపల ఒరిసే లైనింగు పట్టీలు రెంటికీ ఒకే రకంవి వేయడం. అది ఒక్కో బండికి రోజంతా పట్టే పని. డ్రమ్ములు దొరికితే లైనింగులు దొరికేవి కావు. తెల్లారితే బండి రూటు మీద ఉండాలి. అందుకని సత్తార్ సాబ్ సులువు దారి కనిపెట్టారు. వానకాలం మొదలవగానే ముందు బ్రేకుల అడ్జస్టర్లను స్పానర్‌తో కాస్త వెనక్కి తిప్పి వదులు చేయడం. ముందు బ్రేకు పట్టకపోతే ఇక స్టీరింగు గుంజేదేముంది. బండిని ఆపే భారమంతా వెనక చక్రాల మీదికి పోతుందని, తడిలో అవే ముందు బిగుసుకుంటాయని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

డ్రైవర్లు మాత్రం సంబరపడ్డారు. వెన్నలెక్క పోతాంది అనేవాళ్లు. నేను గురువు చెప్పింది చేసి ఊరుకోలేదు. అందులో పేరు తెచ్చుకున్నాను. తొలకరి రాగానే డ్రైవర్లు నా చెయ్యే కావాలని వచ్చి అడిగేవాళ్లు. ఆ పొగడ్త నాకు బాగుండేది.

యేసోబన్న కాలు

అట్లా అడిగిన వాళ్లలో యేసోబన్న ఒకడు. హాలియా దిక్కు పల్లె. తల్లిదండ్రులు సెంటు భూమి లేక ఇతరుల పొలాల్లో కూలికి పోయి చదివించారు. ఆ ఇంట్లో జీతం తీసుకున్న మొదటి మనిషి ఆయనే. బండి తీసే ముందు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఒక్క నిమిషం తల వంచి ప్రార్థన చేసుకునేవాడు. నాకంటే పెద్ద. నేను అన్నా అంటే, ఆయన రాములూ అనేవాడు. ఇద్దరం సద్ది కలిపి తినేవాళ్లం.

ఆయన బ్రేకు తొక్కే తీరును డిపో అంతా చెప్పుకునేది. నిలబడ్డ ముసలవ్వ కూడా కడ్డీ పట్టుకునే పని ఉండేది కాదు. ఆ కాలు పేరు ఆయనకు జీతం కంటే ఎక్కువ. "నా కాలు పెడల్ మీద ఉండదు రాములూ, పెడల్ తోని మాట్లాడ్తది," అన్నాడొకసారి నవ్వుతూ. ఇక ముందు చెప్పేదంతా ఆ కాలు సంగతే.

నాట్ల కాలంలో ఒక పగటిపూట, హాలియాకు ఇవతల బస్సు పడిందని కబురొస్తే రిపేరు వ్యానులో పోయాను. కాలువ మీద మోరీ అనే చిన్న వంతెన ఉంది. బస్సు రోడ్డుకు అడ్డంగా తిరిగి, తోకతో మోరీ గోడను గుద్ది ఆగింది. బస్సులో వాళ్లకు దెబ్బలు తప్ప ప్రాణభయం లేదు. కానీ గోడ మీద కూర్చుని సద్ది తింటున్న నాట్ల కూలీ ఈదమ్మ కాలు గోడకూ బస్సుకూ మధ్య నలిగింది. అప్పటికే ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. గోడ పక్కన ఆమె సద్ది గిన్నె బోర్లా పడి ఉంది.

పొలంలోంచి ఒక ట్రాక్టరు వెనక్కి వస్తూ రోడ్డు ఎక్కబోయిందట. యేసోబన్న బ్రేకు మీద కాలు పెట్టాడు. అంతే, తోక తిరిగింది.

నేను రోడ్డు చూశాను. కేజీవీల్స్ వదిలిన బురద, దాని మీద తుంపర. బురదలో రెండు గీతలు పామువంకలు తిరిగి ఉన్నాయి. అవి వెనక చక్రాలవి. నున్నగా, ఇస్త్రీ పెట్టె జరిపినట్టు. ముందు టైర్ల అచ్చు మాత్రం చివరిదాకా పువ్వుపువ్వు తేలి ఉంది. అంటే ముందు చక్రాలు ఆఖరు వరకూ తిరుగుతూనే ఉన్నాయి. బ్రేకు వాటిని అంటనేలేదు.

వంగి ముందు డ్రమ్ మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. వెనక డ్రమ్ మాత్రం ఇంతసేపటికి కూడా వెచ్చగానే ఉంది.

యేసోబన్న రోడ్డు పక్క గొంతు కూర్చున్నాడు. ఈదమ్మను ఎత్తడంలో చేతులకు అంటిన నెత్తురు ఇంకా కడుక్కోలేదు.

"రాములూ, బ్రేకు సూసినవా?" అని అడిగాడు. "నేను గట్టిగ తొక్కలె. తాకిచ్చిన, గంతే."

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. కానీ పనిదొంగ ఎవరో నా అరచేతికి తెలిసింది. నేను నిజం చెప్తే నా పేరు వస్తుంది. నా వెనక సత్తార్ సాబ్ పేరు వస్తుంది. ఆయనకు రిటైర్మెంట్ దగ్గర పడింది. ఇదంతా ఆలోచించినట్టు ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నోరు దానంతటదే కదిలింది.

"బ్రేకులు మంచిగనే ఉన్నయే, అన్నా."

ఆయన నన్ను చూడలేదు. చెప్పుల్లేని తన కుడికాలును చూసుకున్నాడు. "అయితే నా కాలే అన్నట్టు," అన్నాడు.

ఇంతటితో ఆగినా బాగుండేది. బస్సును లాగించే ముందు, తనిఖీ పేరు చెప్పి దాని కింద దూరి ముందు అడ్జస్టర్లను బిగించాను. తర్వాత డిపోలో అధికారులు చూసినప్పుడు నాలుగు బ్రేకులూ కొలతకు సరిగ్గా ఉన్నాయి. వాళ్లు చూసింది నిజమే. నేను రాసిచ్చిందీ అదే.

ఈదమ్మ కాలు మోకాలి కింద తీసేశారు. యేసోబన్నను విచారణ చేసి ఉద్యోగంలోంచి తీసేశారు. అతివేగం, అజాగ్రత్త అన్నారు. ఆయన వాదించలేదు. వాదించడానికి నేను ఆయనకేమీ మిగల్చలేదు. తనకు రావలసిన చివరి డబ్బుల కోసం డిపోకు వచ్చినప్పుడు గేటు దగ్గర ఎవరో, "బరువుకాలు వచ్చిండురో, పక్కకు జరుగుండ్రి," అన్నారు. నలుగురు నవ్వారు. నేను లోపల బండి కింద పడుకుని ఉన్నాను. అంతా వినపడింది. బయటికి రాలేదు.

పాలమూరు, బురద

కొంతకాలానికి అడిగి మరీ పాలమూరు వైపు బదిలీ చేయించుకున్నాను. అక్కడ కూడా వానకాలం సెట్టింగు మానలేదు. ఇది చదివేవాళ్లకు వింతగా ఉండొచ్చు. మానితే, ఎందుకు మానావని ఎవరన్నా అడుగుతారు. ఎవరూ అడగకపోయినా నేనే అడుక్కోవాలి. అంతకన్నా తప్పును సాగించడమే తేలికైంది. చాలా తప్పులు ఇట్లాగే ఆచారాలవుతాయి.

ఒకసారి ఆలంపూర్ దిక్కు పోయిన బస్సు నల్లరేగడిలో దిగబడిందంటే పోయాను. వెనక ఎడమ చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతోంది. కుడి చక్రం గట్టి నేల మీదే ఉండి కూడా కదలదు. ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాల పెట్టె స్వభావమే అంత. ఏ చక్రానికి అడ్డు లేకపోతే బలమంతా దానికే పోతుంది. ఇల్లు నడిపేవాణ్ని వదిలి ఊరికే తిరిగేవాడికి అన్నం పెట్టినట్టు. బస్సు డ్రైవర్ బాలకిష్టయ్య తొందరపడలేదు. చక్రం కింద జొన్నచొప్ప వేయించి, ఎక్సలేటరు సన్నగా ఇస్తూ హ్యాండుబ్రేకును సగం గుంజి పట్టాడు. తిరుగుతున్న చక్రానికి అడ్డు దొరికింది. బలం గట్టి నేల మీది చక్రానికీ పోయింది. బస్సు మెల్లగా పైకి వచ్చింది. "తిరిగేటోన్ని జర పట్టుకుంటెనే నిలబడ్డోడు పనిజేస్తడు సార్," అన్నాడు. ఈరోజు మీ కొత్త బస్సుల్లోని కంప్యూటరు చేసేది ఇదే.

తొంభైలలో ఆ డిపోకు కొత్తగా ఒక కుర్ర మేనేజరు వచ్చాడు. ఇంజనీరింగు చదివిన మనిషి. మాట కటువు, ఎవరికీ నచ్చేవాడు కాదు. నాకు మొదట అసలు నచ్చలేదు. వచ్చిన మొదటి వానకాలంలోనే, పాత లైనింగుల గుట్ట ముందు నిలబడి నన్ను పిలిపించాడు. వెనక లైనింగులన్నీ అరిగి మాడిపోయాయి, ముందువి కొత్తవాటిలా ఉన్నాయి, ఎందుకని అడిగాడు. వానకాలం సెట్టింగని చెప్పాను. తర్వాత ఒక బస్సు తెప్పించి, ఖాళీ యార్డులో బంకమట్టి పరిపించి నీళ్లు కొట్టించాడు. తనే స్టీరింగు దగ్గర కూర్చుని, నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. మనిషి పరుగెత్తేంత వేగం కూడా లేదు. బ్రేకును తాకించాడు. తోక మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా పక్కకు వచ్చింది. బస్సు సగం చుట్టు తిరిగి ఆగింది.

దిగి చూస్తే బురదలో రెండు పాముగీతలు. ముందు టైర్ల అచ్చు పువ్వుపువ్వు తేలి ఉంది.

"మీరు స్టీరింగు గుంజకుండ చేసిండ్రు. బండిని మాత్రం వెనక్కి తిరిగేటట్టు చేసిండ్రు," అన్నాడు మేనేజరు. ఆ తర్వాత ముందు బ్రేకులను సరిగ్గా బిగించి మళ్లీ అదే చేసి చూపించాడు. బస్సు ఈసారి కూడా జారింది గానీ నేరుగా జారింది. తోక కదలలేదు.

హాలియాలో నా అరచేతికి తెలిసింది ఇక కళ్లకు కూడా తెలిసింది. తెలియదని చెప్పుకునే జాగా మిగలలేదు.

యంత్రం చేసేది, చేయలేనిది

మొదట చెప్పిన ఆ పసుపు దీపం సంగతి ఇప్పుడు చెప్తే అర్థమవుతుంది. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ల పట్టీ, దాన్ని చూసే ఒక కన్ను ఉంటాయి. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం హఠాత్తుగా ఆగబోతే, దాని ఒక్కదాని బ్రేకునే వదిలి మళ్లీ పడుతుంది. కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు. కాలి కింద పెడల్ దడదడలాడుతుంది. భయపడి కాలు తీయొద్దు, అది తన పని చేస్తోంది. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే దానికి బ్రేకు వేసి బలాన్ని రెండో చక్రానికి పంపుతుంది. ఇంజను ఊపును కూడా తగ్గిస్తుంది. ఇది బాలకిష్టయ్య హ్యాండుబ్రేకే.

మూడోది అన్నిటికంటే గొప్పది. స్టీరింగును డ్రైవర్ ఎటు తిప్పాడు, బండి నిజంగా ఎటు తిరుగుతోంది అని రెంటినీ పోల్చి చూస్తుంది. తోక బయటికి పోతుంటే, మలుపుకు బయటి వైపున్న ముందు చక్రాన్ని పట్టి బండిని దారికి తెస్తుంది. ముక్కు మలుపు తిరగకుండా నేరుగా పోతుంటే, లోపలి వైపు వెనక చక్రాన్ని పడుతుంది. ఒక్కొక్క చక్రాన్ని విడిగా పట్టడం మనిషి వల్ల కాదు. డ్రైవర్‌కు ఉన్నది ఒక్కటే పెడల్.

కానీ బిందెలో లేని నీళ్లను అది కూడా పుట్టించలేదు. ఉన్న పట్టును వృథా కాకుండా పంచుతుంది, అంతే. టైరు అరిగితే, వేగం మితిమీరితే, దీపం వెలుగుతూనే ఉంటుంది, బండి పోతూనే ఉంటుంది. అది పట్టమన్న చక్రానికి బ్రేకు సరిగా లేకపోతే ఏం పడుతుంది? అక్కడికి వచ్చేసరికి మళ్లీ మీ స్పానరే, మీ అరచెయ్యే.

రోడ్డు గోకే మనిషి

నేను వెంటనే హాలియా పోలేదు. మా డిపోలో ప్రతి బండికీ ముందు డ్రమ్ములు జతలుగా చెక్కించాను. వానకాలం సెట్టింగు మాన్పించాను. బండ్లను బాగుచేస్తే లెక్క సరిపోతుందని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. అట్లా రెండు వానకాలాలు పోయాయి. సత్తార్ సాబ్ బతికి ఉండగానే ఆయనకు చెప్పాను. "గాడీ పక్కకు గుంజకుంటె చాలనుకున్న బేటా. నాకు తెల్సింది గంతే," అన్నారు. తర్వాత, "నేను తెల్వక చేసిన. నువ్వు సల్లటి డ్రమ్ ముట్టినంక చేసినవ్," అన్నారు. ఆయన నన్ను అంతకన్నా గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు.

నాట్ల కాలంలోనే పోయాను. అదే మోరీ దగ్గర బస్సు దిగితే, తుంపరలో ఒక మనిషి పారతో తారు మీది బురద గోకి పక్కకు వేస్తున్నాడు. కొంచెం దూరంలో ట్రాక్టరు ఆగి ఉంది. దాని కేజీవీల్స్ కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. యేసోబన్న. ఉద్యోగం పోయాక ఒక ఆసామి ట్రాక్టరు నడుపుతున్నాడు. తన చక్రాల బురద గడ్డపారతో రాల్చనిదే రోడ్డెక్కడు. ఇతరులు వదిలిన బురద కూడా తనే గోకుతాడట. చూసి నవ్వేవాళ్లు నవ్వుతారు.

"బాగున్నరా సారు," అన్నాడు. ఒకప్పుడు రాములూ అనేవాడు.

మోరీ గోడ మీద కూర్చుని అంతా చెప్పాను. సెట్టింగు, గీతలు, చల్లని డ్రమ్, బండి కింద దూరి బిగించింది, ఏదీ దాచలేదు. యార్డులో చూసింది కూడా చెప్పాను. ఆ బండి మీద ఎవరున్నా అట్లాగే తిరిగేదని చెప్పాను. ఆయన పార మీద చేతులు పెట్టి, నిలబడే విన్నాడు.

నేను ముగించాక అడిగాడు. "నా కాలు కాదా?"

"కాదన్నా."

"దినాం పండుకునేటప్పుడు గీ కాలును సూస్కుంట. ఎంత బరువు పెట్టిన్నో అని యాది చేస్కుంట. యాదికి రాదు." పారతో ఒక పెడ్డను పక్కకు తోసి, "నువ్వు గారోజు ఒక్క మాట అంటె అయిపోతుండె," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది.

రాతపూర్వకంగా ఇస్తానని, మళ్లీ విచారణ అడుగుతానని చెప్పాను. ఆయనకు వాటి మీద నమ్మకం లేదు. రెండు అడిగాడు. ఈదమ్మకు నా నోటితో చెప్పాలి. గేటు దగ్గర, బరువుకాలు అన్నోళ్ల ముందు కూడా చెప్పాలి.

ఈదమ్మ ఇల్లు అక్కడికి దగ్గరే, ఇద్దరం పోయాం. చంకల్లో కర్రలు పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కోతలప్పుడల్లా యేసోబన్న ఆమె ఇంటికి ఒక బస్తా ధాన్యం తెచ్చి దించేవాడని అప్పుడే తెలిసింది. నేను చెప్పేది మధ్యలో ఆపకుండా వింది.

"ఎవలి తప్పయితేంది, పోయింది నా కాలే గద," అంది. "గని గీయనకు చెప్పి మంచిగ చేసినవ్. వానొస్తె సాలు, రోడ్డు కాడనే ఉంటడు. ఇద్దరికి తీసేసిండ్రు కాళ్లు. నాదొక్కటే కండ్లకు కనపడ్తది."



గేటు ముందు

నేను రాసిచ్చాను. నల్లగొండ గ్యారేజీలో కూడా వానకాలం సెట్టింగు మాన్పించారు, నాకు శిక్ష పడింది. అది తక్కువే. యేసోబన్న ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. గడువు దాటిందన్నారు, వయసు దాటిందన్నారు. నిజం ఆలస్యంగా వస్తే దానికి కూర్చునే కుర్చీ కూడా ఉండదు.

నల్లగొండ డిపోలో యూనియన్ వాళ్లు అప్పుడప్పుడు పొద్దున గేటు మీటింగు పెట్టేవారు. డ్యూటీ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు అంతా గేటు ముందు నిలబడేవాళ్లు. ఒక మీటింగులో నాకు మాట్లాడే అవకాశం ఇవ్వమని అడిగితే ఇచ్చారు. యేసోబన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దాటి లోపలికి రాకుండా పక్కన నిలబడ్డాడు.

నేను బాగా మాట్లాడలేదు. హాలియా దగ్గర బస్సు తిరగడానికి కారణం ఈ గ్యారేజీలో నేను వదులు చేసిన ముందు బ్రేకులని, యేసోబు కాలు ఏ తప్పూ చేయలేదని, నాకు తెలిసి కూడా దాచానని చెప్పాను. ఎవరో మెకానిక్కులను తిట్టారు. ఎవరో, ఇన్నేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్ అన్నారు. అన్నీ న్యాయమైన మాటలే. వెనక వరసలోంచి ముసలి కండక్టరొకాయన ముందుకు వచ్చి, గేటు తోసి, "లోపటికి రా యేసోబు. నువ్వేంది బయట నిలవడుడు," అని చేయి పట్టి లోపలికి తెచ్చాడు.

అప్పుడే ఒక బస్సు రూటు నుంచి వచ్చి ఆగింది. మీటింగు వల్ల లోపలికి పోలేక గేటు దగ్గరే నిలబడింది. తుంపర పడుతోంది. యేసోబన్న అందరినీ దాటుకుని ఆ బస్సు ముందు చక్రం దగ్గరికి పోయాడు. గొంతు కూర్చుని, చక్రం సందులోంచి చేయి పెట్టి డ్రమ్‌ను తాకాడు. ఆ చేయి అట్లాగే ఉంచాడు. అందరం ఆయననే చూస్తున్నాం.

చేయి తీసి అరచేతిని చూసుకున్నాడు. తర్వాత నా దిక్కు తిరిగాడు.

"వేడిగనే ఉన్నది, రాములూ," అన్నాడు.